పెకింగ్ దారి ఎరిగిన గోసాయి

1783 డిసెంబర్ 4. టిబెట్‌లో టెర్పలింగ్ మఠం. తెల్లారింది. ఎండ ఉంది, వేడి లేదు. గదిలో ఎత్తయిన గద్దె. గద్దె మీద 18 నెలల పిల్లవాడు. పక్కన తల్లీ తండ్రీ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఎదురుగా ఈస్టిండియా కుంఫిణీ దొర శామ్యూల్ టర్నర్. తెల్లటి పట్టు కండువా అందించాడు. ముత్యాలూ పగడాలూ గుచ్చిన దండ పిల్లవాడి చేతిలోనే పెట్టాడు. మామూలుగా ఈ వేళకి బాబు నిద్రలో ఉంటాడని తండ్రి చెప్పాడు. ఇవాళ చీకటితోనే లేచి కూర్చున్నాడట. ఇంగ్లీషువాళ్ళు వచ్చారు కదా, ఇక నిద్రేం పడుతుంది అన్నాడు.

టీ వచ్చింది. దొరలు తాగారు. కప్పులు ఖాళీ అయ్యాయి. అది ముందుగా చూసింది నౌకర్లు కాదు, పిల్లవాడు. తల వెనక్కి విదిలించాడు. నుదురు ముడిచాడు. మాటలింకా రాలేదు, అందుకని ఏదో గునుస్తూ కూర్చున్నాడు. కప్పులు మళ్ళీ నిండేదాకా ఆ గునుపు ఆగలేదు. తర్వాత బంగారు గిన్నెలోంచి పంచదార పాకం ముక్క తీసి, చెయ్యి చాపి, అది దొరకివ్వమని నౌకర్లకి సైగ చేశాడు. వచ్చినవాళ్ళ కప్పు ఖాళీగా ఉండకూడదని ఆ పసివాడికి ఎవరు చెప్పారు?

టిబెట్‌వాళ్ళని అడిగితే ఎవరూ చెప్పక్కర్లేదనే అంటారు. పోయిన తమ గురువు పంచెన్ లామాయే ఈ పిల్లవాడిగా మళ్ళీ పుట్టాడు, పాత అలవాటు ఎక్కడికి పోతుంది అంటారు. కలకత్తా నుంచి వచ్చిన ఆ బృందంలో ఒక గోసాయి ఉన్నాడు. పేరు పూరణ్‌గిరి. పాత లామాతో ఏళ్ళ తరబడి మసిలినవాడు. ఆయన ఎలా పోయాడో దగ్గరుండి చూసినవాడు. అతనికి తెలిసిన దారులు కుంఫిణీలో ఒక్క దొరకీ తెలియవు.

తొమ్మిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1774 మార్చి 29. కలకత్తాలో అప్పుడే గాలి ఉడుకెత్తుతోంది. బెంగాలు గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ చేతికి టిబెట్ నుంచి ఉత్తరం అందింది. తెచ్చినవాళ్ళలో ఈ పూరణ్‌గిరి ఒకడు. దశనామి సన్యాసి. ఒంటి మీద కాషాయం, మూటలో వ్యాపారం. ఆ రోజుల్లో గోసాయిలు ముత్యం, పగడం లాంటి బరువు తక్కువ, ధర ఎక్కువ సరుకులు చుట్టుకుని కొండలెక్కేవాళ్ళు. దిగేటప్పుడు బంగారు పొడి, కస్తూరి తెచ్చేవాళ్ళు. సన్యాసి కదా అని సరిహద్దు దగ్గర ఎవరూ పెద్దగా సోదా చేసేవాళ్ళు కాదు.

ఉత్తరంలో సంగతి యుద్ధం. కూచ్ బిహార్ గొడవలో కుంఫిణీ సైన్యం భూటాన్‌వాళ్ళని తరిమి తరిమి కొడుతోంది, ఇక ఆపండని పంచెన్ లామా రాశాడు. హేస్టింగ్స్ చదివాడు. పక్కనే పరిచిన కానుకల వైపు తిరిగాడు. బంగారు పొడి సంచులున్నాయి. కస్తూరి ఉంది. చైనా పట్టు ఉంది. బంగారు పూత పూసిన తోలు మీద రష్యా రాజ్యపు గద్ద ముద్ర ఉంది. యుద్ధం మాట అటుంచి, ఈ సరుకంతా ఒకే మూటలోకి ఎలా వచ్చింది? ఆ కొండల అవతల రష్యా దాకా, పెకింగ్ దాకా దారులున్నాయన్నమాట.

పెకింగ్ పేరు వింటే కుంఫిణీకి నిద్ర పట్టని రోజులవి. కారణం టీ. ఇంగ్లండు టీ మరిగింది. అప్పట్లో వాళ్ళకి టీ చైనా నుంచే రావాలి. 1757 నుంచి చియన్‌లుంగ్ చక్రవర్తి పడమటి ఓడలన్నిటికీ కాంటన్ రేవు ఒక్కటే తెరిచి ఉంచాడు. అక్కడ బేరం చెయ్యాలంటే లైసెన్సున్న చైనా షావుకార్లతోనే చెయ్యాలి. వెండి పోస్తేనే సరుకు. ఓడ అడుగున పింగాణీ పెట్టెలు పేర్చేవాళ్ళు. బరువుంటుంది కాబట్టి ఓడ ఊగదు, ఉప్పు నీళ్ళు కారినా చెడదు. దాని మీద టీ పెట్టెలు. 1752లో గెల్డర్‌మాల్సెన్ అనే డచ్చి ఓడ అలా నింపుకుని వెళ్తూ దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. 1985లో పైకి తీస్తే సుమారు లక్షన్నర పింగాణీ పాత్రలు దొరికాయి. కప్పులు కప్పుల్లాగే ఉన్నాయి, టీ మాత్రం నల్లటి మడ్డి అయిపోయింది. ఇలా ముందు గుమ్మంలో వెండి పోసి పోసి విసిగిన హేస్టింగ్స్‌కి ఇంటికి వెనక గుమ్మం కూడా ఉందని ఒక గోసాయి మూట చెప్పింది. మరి ఆ గుమ్మం ఎవరు తట్టాలి?

జార్జ్ బోగల్‌ని ఎంచుకున్నాడు. స్కాట్లండు కుర్రాడు. 27 ఏళ్ళు. మే నెలలో బయలుదేరాడు. దారి చూపడానికి పూరణ్‌గిరి. అస్సలు రావద్దని లామా దగ్గర్నుంచి కబురొచ్చింది. పూరణ్‌గిరి ముందు వెళ్ళి నచ్చచెప్పి, రమ్మనిపించాడు. నవంబర్ 8న బోగల్ లామా ముందు నిలబడ్డాడు. చెక్కడం పని చేసి బంగారు పూత పూసిన గద్దె. దాని మీద పసుపు టోపీ పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి. మూడో పంచెన్ లామా, లోబ్సంగ్ పల్దెన్ యేషే. నోరు విప్పితే హిందుస్తానీ. బోగల్‌కి ప్రాణం లేచొచ్చింది. మధ్యలో దుబాసీ అక్కర్లేదు. లామా అతనితో కలిసి రెండు మూడు కప్పుల టీ తాగాడు. తినమని ఒకటి రెండుసార్లు బలవంతం చేశాడు. తర్వాత రోజుల్లో మాటల మధ్య ఒక కోరిక బయటపెట్టాడు. గంగ ఒడ్డున కాస్త చోటు కావాలన్నాడు.

బుద్ధుడు తిరిగిన దేశంలో మావాళ్ళకి ఒక గుడి ఉండాలి, యాత్రకొచ్చినవాళ్ళు తల దాచుకోవాలి. లామా కోరిక ఇది. కలకత్తాకి వచ్చిపోయే తనవాళ్ళకి ఒక మకాం దొరుకుతుందన్న లెక్క కూడా అందులో ఉండే ఉంటుంది. హేస్టింగ్స్ వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన లెక్కలు ఆయనకున్నాయి.

ఇవాళ హౌరాలో బర్ధమాన్ లోకల్ ఎక్కితే మొట్టమొదటి స్టేషన్ లిలువా. రైల్వే వర్క్‌షాపు, ఇనుప రజను, పాత క్వార్టర్లు. అక్కణ్ణుంచి తూర్పుగా హుగ్లీ వైపు నడిస్తే ఘూసురీ. లామాకిచ్చిన చోటు ఇదే. అప్పట్లో ఇక్కడ రైలు పట్టా లేదు, మిల్లు గొట్టం లేదు. నది, బురద గట్టు, తోటలు. 1778లో సనదు రాసిచ్చారు. గుడి లేచింది. ఖర్చుకి బంగారం, పూజకి విగ్రహాలు లామా పంపాడు. తారా దేవి, మహాకాలుడు హిమాలయాలు దిగి బెంగాలు ఉక్కపోతలోకి వచ్చారు. శివలింగాలు కూడా పక్కనే చేరాయి. టిబెట్‌వాళ్ళ తోట కాబట్టి జనం భోట్ బాగాన్ అన్నారు. మహంతు పూరణ్‌గిరి. పూజారిగా అక్కడే స్థిరపడి ఉంటే కథ ఇంతటితో సరి. కానీ టిబెట్ నుంచి మళ్ళీ పిలుపొచ్చింది.

చైనా చక్రవర్తి చియన్‌లుంగ్‌కి డెబ్బయ్యో పుట్టినరోజు. లామా రావాలన్నాడు. 1779 వేసవిలో లామా తాషిల్‌హున్‌పో మఠం వదిలాడు. వందల మంది భిక్షువులు, గుర్రాలు, కంచర గాడిదలు, గుడారాలు, ఆ జనంలో ఎక్కడో ఒక కాషాయ గుడ్డ, రోజుకింత అని కొండలు దిగి బీళ్ళు దాటి, చలికాలమంతా కుంబుమ్ మఠంలో మంచు కరిగేదాకా ఆగి, మళ్ళీ కదిలి, ఏడాది దాటాక ఉత్తర చైనాలో చెంగ్‌ద అనే వేసవి విడిదికి చేరారు. లామా తలెత్తి చూశాడు. ఎదురుగా తన సొంత మఠమే కనబడింది.

తాషిల్‌హున్‌పో నమూనా మీద చియన్‌లుంగ్ కట్టించిన గుడి అది. కప్పుకి బంగారు పూత పెంకులు, వాటి మీద బంగారు డ్రాగన్లు. అతిథికి కొత్త ఊళ్ళో కూడా సొంత ఇంట్లో ఉన్నట్టుండాలని ఆ హంగామా. 1780 ఆగస్టులో భేటీ. లామా మోకాలు వంచబోయాడు. చక్రవర్తి చెయ్యి పట్టి లేపాడు. ప్రయాణం బడలిక గురించి టిబెట్ భాషలోనే అడిగాడు. ఈ నాలుగు మాటల కోసమే ఆ వయసులో కొత్త భాష నేర్చుకున్నాడాయన. లోపలి మందిరంలోకి తీసుకెళ్ళాడు. కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు.

ఎలాంటి గిన్నెలో? అది చిన్న ప్రశ్న కాదు. ఎందుకంటే ఆ దర్బారులో గిన్నెని చూస్తే మనిషి ఎవరో తెలుస్తుంది. చైనాలో టీ పాత్రలు టీ వెంటే మారుతూ వచ్చాయి. 8వ శతాబ్దంలో లూ యూ అనే పండితుడు టీ మీద ఏకంగా ఒక శాస్త్రమే రాసి, పొయ్యి దగ్గర్నుంచి బుట్ట దాకా పాతికకి అటూ ఇటూగా సామాను జాబితా ఇచ్చాడు. అప్పట్లో టీ అంటే దిమ్మ. కాల్చి, దంచి, మరిగించాలి. సుంగ్ రాజుల కాలానికి ఆ పొడిని గిన్నెలోనే వేసి నురగ వచ్చేలా గిలక్కొట్టడం మొదలైంది. తెల్ల నురగ బాగా కనబడాలని నల్ల గిన్నెలు వచ్చాయి. 1391లో మింగ్ వంశం మొదటి చక్రవర్తి ఒక్క హుకుంతో అంతా తిప్పేశాడు. పేద రైతు కొడుకుగా పుట్టినవాడు కదా, రాజుగారి కోసం దిమ్మలు కొట్టే చాకిరీ చూసి ఉంటాడు. కప్పంగా టీ దిమ్మలొద్దు, విడి ఆకు పంపండన్నాడు. ఇక దంచేది లేదు, గిలక్కొట్టేది లేదు. వేడి నీళ్ళలో ఆకు నానాలి. దానికి కూజా కావాలి. యీషింగ్ ఊరి ఊదారంగు మట్టికి అలా దశ తిరిగింది. మెరుగు పూయని ఆ చిన్న కూజాల కోసం పండితులు ఆస్తులు తగలేసుకున్నారు. తర్వాత గైవాన్ వచ్చింది. పళ్ళెం, గిన్నె, మూత. మూత కొంచెం వారగా జరిపి, ఆకు పెదవికి తగలకుండా తాగుతారు. పళ్ళెం వేళ్ళు కాలకుండా కాపాడుతుంది. చియన్‌లుంగ్‌కి ఈ పిచ్చి మరీ ఎక్కువ. 1746లో టీ మీద తనే ఒక పద్యం రాసి దాన్ని కప్పుల చుట్టూ రాయించాడు.

అయితే 1391 నాటి ఆ హుకుం టిబెట్‌ని మార్చలేదు. అక్కడికి సిచువాన్ నుంచి ఇటుకల్లా నొక్కిన టీయే వెళ్ళింది. బాగా మరిగించి, ఉప్పూ వెన్నా వేసి, పొడవాటి కర్ర గొట్టంలో చిలుకుతారు. మనం మజ్జిగ చిలికినట్టే. తాగడానికి గిన్నె, ఎవరిది వాళ్ళకే. భూటాన్‌లో టర్నర్ ఇంకో వింత చూశాడు. నౌకరు తెల్ల లోహపు టీ కూజా ఒకసారి గిర్రున తిప్పి, ముందు తన అరచేతిలో కాస్త పోసుకుని గబుక్కున తాగేవాడట. విషం లేదు, నాదీ పూచీ అన్నట్టు. ఆ తర్వాతే రాజుగారికి.

చియన్‌లుంగ్ మంచూ జాతివాడు. వాళ్ళదీ పాలు పోసి మరిగించే టీయే. ఈ విషయంలో చక్రవర్తి తన చైనా ప్రజల కంటే టిబెట్ లామాకే దగ్గర చుట్టం. టిబెట్‌వాళ్ళ చిలికే గొట్టం చూసి అదే ఆకారంలో కూజాలు చేయించుకుంది ఆ దర్బారు. ఇంకో సంగతి. పాల టీ తాగడానికి ఆయన మనసు పడ్డ పనితనం ఎక్కడిదో తెలుసా? మనదే. హిందుస్తాన్ జేడ్ రాతి పని అంటే ఆయన పడి చచ్చేవాడు, దాని మీద పద్యాలు రాసేవాడు. తెల్ల జేడ్ గిన్నెకి బంగారు తీగె అద్ది కెంపులు పొదిగిన ఆ తరహా పాల టీ గిన్నె ఒకటి, 1786 నాటి ఆయన పద్యంతో సహా, పెకింగ్ రాజభవనం మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. హిందుస్తాన్ సొగసు అక్కడికి ముందే చేరింది. హిందుస్తాన్ గవర్నర్ పేరు మాత్రం ఇంకా చేరలేదు.

పెకింగ్‌లో ఒక రోజు లామా ఆ పేరెత్తాడు. ఇది పూరణ్‌గిరి తర్వాత కలకత్తాలో చెప్పిన కథనం. హిందుస్తాన్‌లో ఒక గవర్నర్ ఉన్నాడు, నాకు స్నేహితుడు, మీరూ ఆయనతో ఉత్తరాలు నడపాలని లామా అడిగాడట. అడిగి ఊరుకోలేదు. గోసాయిని ముందుకి పిలిచాడు. వెనక వరసలో నిలబడ్డ మనిషి చక్రవర్తి ఎదుటికి వచ్చాడు. ఆ గవర్నర్ పేరేంటి? దేశం ఎంత? సైన్యం ఎంత? పేరు హేస్టింగ్స్ అన్నాడు పూరణ్‌గిరి. దేశం చైనా అంత పెద్దది కాదు గానీ, నాకు తెలిసిన మిగతా దేశాలన్నిటికన్నా పెద్దదన్నాడు. గుర్రపు దళం మూడు లక్షలకి పైమాటే అన్నాడు.

మూడు లక్షల గుర్రాలు! కుంఫిణీకి అందులో వీసం లేదు. కోతలు కోస్తేనే పని జరుగుతుందని తెలిసినవాడు. ఈ సంభాషణ అసలు జరిగిందా అని చరిత్రకారుల్లో అనుమానపడేవాళ్ళున్నారు. గోసాయి మాత్రం చక్రవర్తి ఉత్తరం రాయడానికి ఒప్పుకున్నాడనే చెప్పాడు. కుంఫిణీ ఇరవై ఏళ్ళుగా కాంటన్ గుమ్మం దగ్గర పడిగాపులు పడుతున్నది ఇలాంటి ఒక్క కాగితం కోసమే. అది చేతికి అందబోతోంది.

లామాకి జ్వరం వచ్చింది.

మశూచి. చలి ముదిరిన పెకింగ్. పసుపు గుడిలో లామా మంచం పట్టాడు. నవంబర్ 27న రెండు పెద్ద దిండ్ల మధ్య, వీపు గోడకి ఆనించి, ప్రార్థన చేస్తున్న భంగిమలోనే పోయాడు. నలభై ఏళ్ళు దాటాయంతే. ఉత్తరం మాట లామాతోనే పోయింది. శరీరాన్ని బంగారంతో చేయించిన పేటికలో పెట్టి, నెలల తరబడి మోసి, తాషిల్‌హున్‌పో చేర్చారు. కబురు కలకత్తా వచ్చేలోపే బోగల్ కూడా లేడు. 1781 ఏప్రిల్‌లో అతనూ చనిపోయాడు. మిగిలింది పూరణ్‌గిరి ఒక్కడు. హేస్టింగ్స్ ఓటమి ఒప్పుకునే రకం కాదు. లామా మళ్ళీ పుట్టాడని వినగానే టర్నర్‌ని పంపాడు. టెర్పలింగ్‌లో కప్పు ఖాళీ అయితే గునిసిన పిల్లవాడి దగ్గరికి వచ్చింది అందుకే.

ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1785లో హేస్టింగ్స్ ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే పూరణ్‌గిరి మళ్ళీ కొండలెక్కి, 1786లో తిరిగొచ్చి సంగతులు చెప్పాడు. 1791లో నేపాలు గూర్ఖాలు తాషిల్‌హున్‌పోని దోచుకున్నారు. చైనా సైన్యం వచ్చి వాళ్ళని తరిమింది. తరుముతూ తరుముతూ ఇంగ్లీషువాళ్ళ మీద కూడా కన్నేసింది. సరిహద్దు బిగిసింది. 1793లో మెకార్ట్‌నీ దొర ఇంగ్లండు రాజు రాయబారిగా ఓడల నిండా కానుకలతో చెంగ్‌ద దాకా వెళ్ళాడు. వాటిలో వెడ్జ్‌వుడ్ సామాను కూడా ఉంది. చైనా చక్రవర్తికి ఇంగ్లండు కుండలు! నేలకి నుదురు తాకించను, ఒక మోకాలు వంచుతానని బేరమాడాడు. మీ దగ్గర మాకు కావలసిందేమీ లేదని చియన్‌లుంగ్ జవాబు రాసి పంపేశాడు.

ఘూసురీలో పూరణ్‌గిరి ఇవన్నీ విని ఉంటాడు. 1795. వైశాఖ మాసం. రాత్రయినా గోడలు సెగ కక్కుతున్నాయి. నది మీంచి గాలి లేదు. టిబెట్‌వాళ్ళు వచ్చిపోయే మఠం అది. బంగారు పొడి మూటలు దిగే చోటు. గుళ్ళో బంగారం గుట్టలుగా ఉందని చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. ఆ నమ్మకమే బందిపోట్లని గోడ దూకించింది.

మహంతు పారిపోలేదు. కత్తి అందుకున్నాడు. మంచుకొండల్లో దొంగల్నీ, తోడేళ్ళనీ దాటి వచ్చిన మనిషి. ఇంట్లోకి వస్తే వదులుతాడా? చీకట్లో అరుపులు, కత్తికి కత్తి తగిలిన చప్పుడు, విగ్రహాల ముందు పరుగులు, ఎవరు ఎవరో తెలియని ఆ తోపులాటలో తలుపుకి అడ్డంగా నిలబడి నరుకుతున్న గోసాయి, అంతలో ఎటు నుంచో ఒక బల్లెం. ఒంట్లో దిగింది.

మర్నాడు ప్రాణం పోయింది.

కుంఫిణీ ఊరుకోలేదు. దొంగల్లో నలుగురిని పట్టుకుంది. హత్య జరిగిన చోటే ఉరికంబం నాటి అక్కడే ఉరి తీసింది. శిష్యుడు దల్జిత్‌గిరి మహంతు అయ్యాడు. మఠంలోనే గురువుకి సమాధి కట్టించి, దాని మీద లింగం ప్రతిష్ఠించాడు. మఠంలో దాచిన సనదులూ, టిబెట్ పరవానాలూ దాదాపు వందేళ్ళు అలా పడి ఉన్నాయి. 1890లో గౌర్ దాస్ బసాక్ అనే బెంగాలీ పెద్దమనిషి వాటిని చదివి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు. పూరణ్‌గిరి పేరు ఇవాళ మనకి తెలియడానికి సగం కారణం ఆ కాగితాలే.

కుంఫిణీకి మాత్రం అలాంటి మనిషి మళ్ళీ దొరకలేదు. 1811లో థామస్ మానింగ్ అనే ఇంగ్లీషువాడు భూటాన్ మీదుగా లాసా చేరాడు. సర్కారు అండ లేదు. దారి చూపే గోసాయి లేడు. వెంట ఉన్న చైనా మున్షీతో దారి పొడుగునా పోట్లాటే. పసివాడైన దలై లామాని చూశాడు. అక్కణ్ణుంచి పెకింగ్ వెళ్దామనుకున్నాడు. చైనా అధికారులు కుదరదని వెనక్కి పంపేశారు. 1812లో కలకత్తా వచ్చి పడ్డాడు. ఏం చూశావు, ఏం చేశావు అని అందరూ అడిగారు. ఒక్కడికీ చెప్పలేదు.